పొయ్యి ఊదినట్టు కాదు

‘సహకరించలేదు’ అనే మాట మీద నాకున్న కోపం రిటైరయ్యాక కూడా తగ్గలేదు. ఈ మాట ఎంత సులువుగా దొర్లుతుందో గమనించండి. గ్రామస్తులు సర్వేకు సహకరించలేదు. బాధితులు విచారణకు సహకరించలేదు. రోగి పరీక్షకు సహకరించలేదు. ఏం చెయ్యాలో అవతలి మనిషికి అర్థమయ్యేలా చెప్పామా అన్న ప్రశ్న రాకముందే తలుపు గడియ పెట్టేసే మాట అది. పేద మనిషి మీద తప్పు మోపడానికి ఇంత మర్యాద గల మాట మరొకటి నాకు కనబడలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని వార్త ఏది సార్ అని అడుగుతుంటారు. ఏ ఎన్నికల గురించో, ఏ ఉద్యమ సభ గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను ఒక వంట మనిషి దగ్గు గురించి మొదలుపెడతాను. వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. అయినా సరే, వినే వెళ్లాలి.

తెలంగాణ వచ్చిన కొత్త. నేను నల్లగొండలో మా పత్రిక జిల్లా బ్యూరోలో విద్య, వైద్యం వార్తలు చూసేవాణ్ణి. ఒకరోజు జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల వార్త వచ్చింది. కట్టంగూర్ దాటి హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే మహిళకు టీబీ ఉందని, తల్లిదండ్రులు ఆందోళనలో ఉన్నారని, అధికారులు పట్టించుకోవడం లేదని దాని సారాంశం. పక్కన బడి ఫొటో. రాసింది ఆ మండలంలో మాకు వార్తలు పంపే విలేకరి. మా బ్యూరో ఇన్‌చార్జి అచ్చుకు పంపాడు. విద్యా, వైద్యమూ రెండూ ఉన్న ఆ వార్త గురించి నన్ను ఒక్క మాట అడగాలని ఆయనకు తోచలేదు. నేను పొద్దున అందరిలాగే పేపరులో చూశాను.

మర్నాడు కింద చాయ్ తాగి పైకి వస్తుంటే మా ఆఫీసు మెట్ల మధ్యలో ఒకామె కూర్చుని ఉంది. యాభైకి అటూ ఇటూ ఉంటుంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, పెదాలు సున్నాలా చుట్టి, వేడి చాయ్ ఊదుకుంటున్నట్టు మెల్లగా గాలి వదులుతోంది. పక్కన మడిచిన పేపరు.

“పేపరోళ్ల ఆఫీసుకు ఇంకెన్ని మెట్లున్నయి సారూ?” అని అడిగింది.

కొన్నే అన్నాను. ఆమె గోడ పట్టుకుని లేచింది. నేను చెయ్యి ఇవ్వబోతే, వద్దని తల ఊపి, మెట్టు మెట్టుకూ ఆగుతూ తనే ఎక్కింది.

ఇన్‌చార్జి టేబులు ముందు నిలబడి ఊపిరి కుదుటపరుచుకుంది. తర్వాత పేపరు విప్పి, “నాకు టీబీ అని మీకెవరు జెప్పిండ్రు? డాక్టరు నాకే సక్కగ జెప్పలే” అంది.

ఇన్‌చార్జి ఇబ్బందిగా నవ్వాడు. మీ పేరు ఎక్కడా రాయలేదు కదమ్మా అన్నాడు. దానికి ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. “బడికి వండెటోళ్లం ఇద్దరమే సారూ. గా ఇంకొకామె దగ్గదు.”

పేరు రాయకపోతే ఎవరికీ ఏమీ కాదనే నమ్మకంతో ఎంత విషం అచ్చేస్తామో ఆ రోజు చూశాను. ఆ పేపరు పడిన పూటే బడి పెద్దసారు ఆమెను, రోగమేదో తేలేదాకా రావొద్దని ఇంటికి పంపాడు. వంటకు వచ్చే నాలుగు పైసలతోనే ఆమె ఇల్లు నడుస్తోంది. భర్త లేడు. కూతుర్ని హాలియా వైపు ఇచ్చింది. తనకు కావలసింది ఒక్కటే, బడిలో మళ్లీ గరిటె పట్టుకోవడం. అది పోతే కూలికి పోయే ఊపిరి ఆమె దగ్గర లేదు.

నేను ఆమెతోపాటు ఊరికి వెళ్లాను.

బడి వెనక మరుగుదొడ్డి గోడకు ఆనించి నాలుగు రాతి కడీలు పాతి, పైన రేకులు కప్పిన చోటే వంటశాల. మూడు వైపులా తడకలు. పొగ బయటికి పోయే దారి మనిషి లోపలికి వచ్చే దారే. పొయ్యిలోకి పత్తి కట్టె, సర్కారు తుమ్మ మొద్దులు. వాన పడి నానినవి. తోటి వంటామె ఊదుగొట్టంతో మంట లేపుతోంది. నేను లోపలికి తల పెట్టి రెండు మాటలు అడిగేసరికి కళ్లలో నీళ్లు, గొంతులో మంట, ఆగని దగ్గు. వంటామె పొయ్యి మీద నుంచి చూపు తిప్పకుండానే అంది: “జర జూడు, సారుకు గూడ టీబీ వచ్చింది.”

మా మనిషి, మెట్ల మీద కనబడ్డామె, నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఆయాసంలోకి దిగింది. బయట బండ మీద కూర్చుని మళ్లీ పెదాలు చుట్టి గాలి వదలడం మొదలుపెట్టింది.

అక్కడే కూర్చుని తన జబ్బు కథ చెప్పింది. పొయ్యి ముందు కూర్చోవడం తనకు పావడా కట్టిన నాటి నుంచీ ఉన్నదే. ముందు ఇంట్లో. తర్వాత పెద్దోళ్ల పెండ్లిండ్లలో డేక్సా గిన్నెల కింద మంట వెయ్యడం. ఆ తర్వాత బడి. దగ్గు ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. పొద్దున లేవగానే తెమడ పడటం ముఖం కడుక్కున్నట్టే అలవాటైపోయింది. తర్వాత బిందె ఎత్తితే ఆయాసం. తర్వాత నడిస్తే. ఇప్పుడు ఊరకే మాట్లాడితే కూడా.

మా వైపు దీనికంతటికీ ఒకటే మాట, దమ్ము. చిన్నపిల్లకు వచ్చి తగ్గే పిల్లికూతలూ దమ్మే, గుండె బలహీనమై కాళ్లు వాచి వచ్చే ఆయాసమూ దమ్మే, బీడీ తాగి తాగి ఊపిరి గొట్టాలు చెడినవాడిదీ దమ్మే. ఆమెకు ఉన్న మాట అదొక్కటే. ఆ మాటే పట్టుకుని ముగ్గురి దగ్గరికి పోయింది. ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీ ప్రతి చలికాలం ఒక సూది వేశాడు. వేసిన నాడు హాయిగా ఉండేది, అందుకే ఆయన మీద ఆమెకు ఇప్పటికీ గౌరవం. పట్టణంలో ఒక ప్రైవేటు డాక్టరు, బీడీ తాగుతావా, చుట్ట తాగుతావా అని అడిగాడు. లేదంది. ఇంట్లో ఎవరికైనా దమ్ము ఉందా అన్నాడు. మా నాయినకుండె అంది. అయితే ఆస్తమా అని నీలం రంగు పీల్చే మందు రాశాడు. తగ్గలేదు. ఇంకో డాక్టరు ఎక్స్‌రే తీసి, పైన ఏదో నీడ ఉంది, టీబీ మందులు వాడి చూద్దాం అన్నాడు.

వాడి చూద్దాం. చూసేది ఆయన, వాడేది ఆమె. కడుపులో మంట, ఎర్రగా మూత్రం, నోటికి తిండి పోకపోవడం. ఆ బిళ్లల డబ్బాను ఎవరో చూశారు, ఊరంతా తెలిసింది.

ఈ ముగ్గురిలో ఒక్కరైనా, నువ్వు రోజూ ఏం పని చేస్తావమ్మా అని అడగలేదు. అడిగి ఉంటే సగం రోగం అక్కడే తెలిసేది. ఆడమనిషి పొగ తాగదని ఎంత సులువుగా రాసుకున్నారు! బీడీ తాగేవాడు తాగినంతసేపే తాగుతాడు. ఈమె పొద్దున పొయ్యి రాజేసినప్పటి నుంచి బియ్యం ఉడికేదాకా తాగుతూనే ఉంది. దానికి అగ్గిపెట్టె మాత్రమే ఖర్చు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాలేదు.

తిరుగు దారిలో మండల విలేకరిని పట్టుకున్నాను. ఎవరు చెప్పారు నీకు అన్నాను. బడి కమిటీ చైర్మన్ చాయ్ హోటల్లో చెప్పాడట. డాక్టరును అడిగావా? లేదు. ఆమెను అడిగావా? ఆమెను అడిగేదేముంది సార్, దగ్గుతాంది కదా అన్నాడు. అతనికి జీతం లేదు, పంపిన వార్త అచ్చయితేనే ఊళ్లో విలువ. అతని మీద నాకు కోపం రాలేదని కాదు. కానీ ఆ వార్తను ఎక్కువ చదువుకున్న వాళ్లం మేం కూర్చుని, కామాలు సరిచేసి, హెడ్డింగు పెట్టి అచ్చేశాం.

ఇక చైర్మన్ సంగతి. ఆమె ఉండేది ఊరి చివర కాలనీలో, చర్చి ఉన్న వీధిలో. ఆమె చేతి వంట మొదటి నుంచీ గొంతు దిగని ఇళ్లు ఆ ఊళ్లో కొన్ని ఉన్నాయి. వాళ్లు పిల్లలకు ఇంటి నుంచి డబ్బా కట్టి పంపేవాళ్లు. అదేమని ఎవరైనా అడిగితే, మా పోరనికి బడి కూర కారమైతది అనేవాళ్లు. అసలు మాట బయటికి అంటే కేసవుతుందని అందరికీ తెలుసు. టీబీ అంటే కేసు కాదు. దగ్గు వాళ్లకు దొరికిన మర్యాదైన కారణం.

ఆమెను వెంటబెట్టుకుని జిల్లా కేంద్రంలో ఒక దవాఖానకు తీసుకెళ్లాను. ఊపిరితిత్తుల డాక్టరు ఉంటారని విన్నాను. ముందు ఊదుడు పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. చిన్న గదిలో ఒక యంత్రం, దానికి గొట్టం, గొట్టానికి అట్టముక్కతో చేసిన మూతి. పరీక్ష చేసే కుర్రాడు ముక్కుకు క్లిప్పు పెట్టి, “గట్టిగా ఊదు” అన్నాడు. ఆమె ఊదింది. ఇంకా గట్టిగా అన్నాడు. ఊదింది. సన్నగా, పొడుగ్గా, ఎక్కడా తెగకుండా. నాకు బాగానే ఊదినట్టు అనిపించింది. అతను ఇంకోసారి అన్నాడు, ఇంకోసారి అన్నాడు, చివరికి విసుగొచ్చి కాగితం మీద ఏదో గిలికి చేతిలో పెట్టాడు. ‘రోగి సహకరించలేదు.’

నేను గొడవపడబోయాను. ఆమె నా చొక్కా చెయ్యి పట్టి లాగింది. “ఊదమన్నడు, ఊదిన. ఇంకేం సహకారం గావాలె సారూ?” అంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పాలమూరు వైపు మనిషని మాటలోనే తెలిసింది. కాగితం చూసి, ఆ మాట దగ్గర ఆగి, పక్కన పెట్టేసింది. తిరిగి పంపేస్తుందనుకున్నాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, “ఎట్ల ఊదినవమ్మా? నాకు జర చూపియ్యి” అంది.

మా మనిషి రెండు పిడికిళ్లు ఒకదాని ముందు ఒకటి పెట్టి పెదాలకు ఆనించుకుంది. తల కొంచెం పక్కకు వాల్చింది. కళ్లు సగం మూసింది. సన్నగా, ఓపిగ్గా, నిప్పు మీద గాలి సరిగ్గా పడేలా ఊదింది.

డాక్టరమ్మ నవ్వలేదు. “ఊదుగొట్టం” అంది మెల్లగా.

“గట్టిగ ఊదితె బూడిద లేసి మొకం మీద వడ్తది గద బిడ్డా” అంది ఈమె.

నలభై ఏళ్లుగా ఆమెకు ఊదడమంటే ఒకటే పని. ఒక్కసారిగా ఊపిరంతా గుమ్మరించడం కాదు, దాచి దాచి పొదుపుగా వదలడం. ఆ యంత్రానికి కావలసింది దానికి సరిగ్గా తిరగేసినది. రొమ్ము నిండా గాలి పీల్చి, ఒక్కపెట్టున బయటికి కొట్టి, లోపల ఇంకేమీ మిగలని దాకా కొడుతూనే ఉండాలి. మొదటి క్షణంలో ఎంత గాలి వస్తుందన్న దాంట్లోనే ఉంది రోగం గుట్టంతా. ఆ సంగతి ఆ కుర్రాడు చెప్పలేదు. ఆ గదిలోకి రోజూ ఎంతమంది ఆడవాళ్లు పొయ్యి ఊదినట్టు ఊది, సహకరించలేదని రాయించుకుని ఇంటికి పోయారో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

డాక్టరమ్మ లేచి తనే ఆ గదికి వచ్చింది. “పొయ్యి ఊదినట్టు కాదమ్మా. నీకు బాగ కోపం ఎవరి మీద ఉన్నది? నాకు చెప్పకు, మనసుల అనుకో. వాళ్లు గీ గొట్టం అవతల నిలబడ్డరు. కడుపుల ఉన్నదంత ఒక్కపాలిగ వాళ్ల మొకాన కొట్టు. తిట్టు అయిపోయినదాంక ఆపకు.”

“తిట్టొచ్చునా దవాఖానల?”

“నోటితోని వద్దు. ఊపిరితోని.”

ఆమె ఒక క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత మెడ నరాలు తేలేలా ఊదింది. బయట బెంచీ మీద ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. కుర్రాడు తనకు తెలియకుండానే కుర్చీ వెనక్కి జరిపాడు, ఆమె పక్కనే నిలబడ్డ నేను కదల్లేదు. ఊపిరి అయిపోయాక దగ్గుతూ ముందుకు వాలిపోయింది. తేరుకున్నాక మళ్లీ ఊదించారు, ఇంకోసారి ఊదించారు. గీతలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేదాకా. తర్వాత పీల్చే మందు ఇచ్చి కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు.

నాకు అర్థమయ్యేలా డాక్టరమ్మ చెప్పిన మాటలు చెబుతాను. “ఆస్తమా చుట్టమసోంటిది సార్. వస్తది, అల్లరి చేస్తది, పోతది. చాలా మందికి చిన్నప్పుడే మొదలైతది, దుమ్ముకో చలికో లేస్తది. మందు పీలిస్తే గొట్టాలు తెరుచుకొని గీత మంచిగ పైకి వస్తది. ఈమెకు మందు ఇచ్చినంక కూడ గీత ఉన్నకాడనే ఉన్నది. ఇది కిరాయికి దిగి ఖాళీ చెయ్యనోడు. ఏండ్ల తరబడి పొగకు గొట్టాలు సన్నబడ్డయి, ఇక పూర్తిగ తెరుచుకోవు.” దాని పేరు సీఓపీడీ అంది. గీత ఒక్కటే అన్నీ చెప్పదనీ, కొందరిలో రెండు జబ్బులూ కలిసే ఉంటాయనీ, మనిషి కథ వింటేనే మిగతా సగం తెలుస్తుందనీ అంది. టీబీ అయితే సాయంత్రం జ్వరం, మనిషి చిక్కిపోవడం ఉంటుంది, అయినా అనుమానంతో కాదు, తెమడ పరీక్షతో తేల్చుకోవాలి అని తెమడ పంపించింది. కొన్నాళ్లకు జవాబు వస్తే మళ్లీ వెళ్లాం. టీబీ లేదు. ఎక్స్‌రేలో నీడ ఎప్పటిదో పాత మచ్చ.

“మా అవ్వ గూడ దమ్ముతోనే పోయింది. మేమంత ఆస్తమా అనుకున్నం” అంది డాక్టరమ్మ కాగితం రాస్తూ. టీబీ బిళ్లలు ఆపించింది. రోజూ పీల్చే వేరే మందు ఇచ్చి, అదెలా పీల్చాలో తన ముందే చేయించి చూసింది. కింద తెలుగులో స్పష్టంగా రాసింది: క్షయ లేదు. అంటువ్యాధి కాదు. కట్టెల పొగకు దూరంగా ఉండాలి.

మూడో వాక్యం మీద నాకు అప్పుడు అనుమానం రాలేదు. గెలిచామనుకున్నాను.

ఆఫీసుకు వచ్చి వార్త రాశాను. పొయ్యి పొగ గురించి, ఊదుగొట్టం గురించి, మూడు జబ్బులూ ఒకే మాటలో కలిసిపోవడం గురించి. డెస్కు నుంచి ఫోను వచ్చింది, ఫ్లోరైడ్ కోణం ఏమైనా ఉందా అని. నల్లగొండలో ఎవరికి కాలు విరిగినా నీళ్లలోని ఫ్లోరైడే కారణమని రాసుకునే అలవాటు మాది. లేదన్నాను. అయితే జాగా లేదన్నారు. చివరికి లోపలి పేజీలో ఒక మూల, ఒక కాలమ్‌లో వచ్చింది: ‘వంట మహిళకు టీబీ లేదు’. తప్పు చెప్పినప్పుడు మూడు కాలమ్‌లు, ఒప్పు చెప్పినప్పుడు ఒకటి. మా వృత్తిలో కొలతలు ఇలాగే ఉంటాయి, మీరు చేరాక చూస్తారు.

బడిలో కమిటీ సమావేశం పెట్టారు. నేనూ వెళ్లాను. ఐదో తరగతి గదిలో పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఆమె గుమ్మం పక్కన నిలబడింది. ఉతికిన చీర కట్టుకుంది, కొంగు బిగించి నడుములో దోపుకుంది. పని మొదలుపెట్టడానికి వచ్చిన మనిషిలా ఉంది.

పెద్దసారు డాక్టరు కాగితం చదివాడు. క్షయ లేదు. చైర్మన్ బెంచీ మీద సర్దుకున్నాడు. అంటువ్యాధి కాదు. ఒకరిద్దరు తలూపారు. కట్టెల పొగకు దూరంగా ఉండాలి.

చైర్మన్ గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో ఎంత జాలి! “మేమేం అన్యాయం చేస్తలేము. డాక్టరే రాసిచ్చింది, పొగ పడదని. రేపు పొయ్యి కాడ ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు? ఆమె పానం బాగు కోసమే అంటున్న.”

మొన్నటిదాకా ఆమె నుంచి పిల్లల్ని కాపాడారు. ఇప్పుడు పొయ్యి నుంచి ఆమెను కాపాడుతున్నారు. రెండు దారులూ ఆ గుమ్మం బయటికే. ఎంత కష్టపడి తెచ్చిన నిజాన్ని ఎంత తేలిగ్గా తిప్పి ఆమె మెడ మీదే పెట్టారో! తప్పు రోగం చెప్పినా ఆమె పనే పోయింది, సరైన రోగం చెప్పినా ఆమె పనే పోయింది.

ఆమె ఒక అడుగు లోపలికి వేసింది.

“పొగ నాకు వడదంటే పొగను తీసెయ్యిండ్రి సారూ. నన్నెందుకు తీసేస్తరు?”

ఆమె ఊపిరి కూడదీసుకుని మళ్లీ అంది. “నేను బోయినంక గా పొయ్యి ముందర కూసునే ఆమెకు ఊపిరితిత్తులు ఉండయా?”

పెద్దసారు కిటికీలోకి చూశాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆ రెంటికీ తేడా ఏమిటో, దెబ్బ తిన్నవాళ్లకు తెలియదు. గ్యాసుకు మంజూరు లేదమ్మా అన్నాడు. నేను లేచాను. మంజూరు కోసం ఎప్పుడైనా రాశారా, తాత్కాలికంగా ఊళ్లో వాళ్లే ఒక పొయ్యి ఏర్పాటు చెయ్యలేరా అని అడిగాను. చైర్మన్ నా వైపు మర్యాదగా చూశాడు. “మీరు రాసుకునెటందుకు వచ్చిండ్రు సారూ. రాసుకోండ్రి.”

తీర్మానం రాసుకున్నారు. సంతకాలు పెట్టారు. ఆమె కొంగు నడుములోంచి తీసి భుజం మీద వేసుకుని వెళ్లిపోయింది.

వేసవి సెలవులు అయ్యాక బడికి గ్యాసు పొయ్యి వచ్చింది. మంజూరు అవసరం లేకుండానే వచ్చింది. చైర్మనే ఇచ్చాడు. పొయ్యికి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగారు. దాని ముందు కొత్త వంటామె, చైర్మన్ వదిన వరసట, సిగ్గుపడుతూ నిలబడింది. మండల విలేకరి ‘విద్యార్థులకు పొగ నుంచి విముక్తి’ అని రాసి పంపాడు. దాతృత్వం అనే మాట కూడా వాడాడు.

ఆ వార్త ఆ రోజు నా చేతిలోకి వచ్చింది. చివర ఒక వాక్యం కలిపాను: కట్టెల పొగతో ఊపిరి చెడిందని పని నుంచి తప్పించిన మహిళను తిరిగి తీసుకోలేదు. ఇన్‌చార్జి దాన్ని కొట్టేశాడు. శుభమా అని వచ్చిన వార్తలో అదెందుకన్నాడు. ఆఫీసులో అంతకు ముందు ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను. ఆ తర్వాత నన్ను మహబూబ్‌నగర్‌కు మార్చారు. అరిచినందుకే మార్చారని మిత్రులు చెప్పుకుంటారు. అది నిజం కాదు, ముందే ఖాయమైన బదిలీ. కానీ వినడానికి బాగుంటుంది కాబట్టి నేనూ ఖండించలేదు.

పాలమూరులో ఎక్కడికి పోయినా వంటశాలల్లోకి తల పెట్టి చూడటం నాకు అలవాటైంది. గ్యాసు వచ్చిన చోట్లు చూశాను, వచ్చి సిలిండరు అయిపోతే మళ్లీ కట్టెలకు దిగిన చోట్లు చూశాను. దవాఖానల్లో దమ్ముతో కూర్చున్న ఆడవాళ్లను, మిమ్మల్ని ఏం పని చేస్తారని డాక్టరు అడిగాడా అని అడిగేవాణ్ణి. ఎక్కువ మంది లేదనేవారు. కొందరు నన్నే డాక్టరనుకుని నాడి చూడమని చెయ్యి చాపేవారు.

రిటైరయ్యాక ఒక పెండ్లికి హాలియా పోయాను. బస్సుకు టైముందని అంగడిలో నడుస్తుంటే ఆకుకూరల కుప్ప వెనక ఆమె. ఒళ్లు ఇంకా చిక్కింది. కానీ పెదాలు చుట్టుకుని కూర్చోలేదు, బేరం ఆడుతోంది. నన్ను చూసి, “పేపరు సారు గదా” అంది. కూతురి ఇంట్లోనే ఉంటోందట. అక్కడ గ్యాసు పొయ్యి ఉంది. వక్కలు, తమలపాకులు పెట్టుకునే సంచిలోంచి పీల్చే మందు తీసి చూపించింది. దాన్ని కూడా గొట్టమనే అంటుంది. ఆ ఊదుగొట్టం తెచ్చిన రోగానికి ఈ గొట్టం అంది. పూర్తిగా పోయేది కాదని ఆమెకు తెలుసు. ఎక్కువ దూరం నడవలేదు, బరువు ఎత్తలేదు, కట్టలు కూతురే తెచ్చి దించి పోతుంది. పరీక్షకు నల్లగొండ పోయినప్పుడల్లా ఊదే గది బయట కూర్చున్న ముసలోళ్లకు తనే నేర్పుతుందట, పొయ్యి ఊదినట్టు కాదవ్వా, కోపమొచ్చినట్టు ఊదాలె అని. డాక్టరమ్మ నన్ను నౌకరీల పెట్టుకోలే గని, పని మాత్రం చేపిస్తాంది అని నవ్వింది.

అప్పుడు గుర్తొచ్చి అడిగాను. ఇన్నేళ్లూ నాకు జవాబు తెలుసనే అనుకున్నాను. ఆ రోజు యంత్రం అవతల ఎవర్ని నిలబెట్టావమ్మా, చైర్మన్‌నా, పెద్దసారునా?

కొత్తిమీర కట్టకు నీళ్లు చల్లి నా సంచిలో పెట్టింది. పైసలు తీసుకోలేదు.

“వాళ్లు నేను పుట్టకముందు నుంచి గట్లనే ఉన్నరు. వాళ్ల మీద కోపమేంది సారూ. మీ పేపరు మీద ఊదిన” అంది. “మీరు పక్కకే నిలవడ్డరు. గా దెబ్బకు జర జరుగుతరేమో అనుకున్న.”